అమ్మ కెప్టెన్‌ని బతిమాలిన రోజు

ఎనభైల మొదట్లో నేను అమెరికన్ ఆర్మీలో ఉండేవాణ్ణి. కెంటకీలో క్యాంపు, రేడియోలు బాగుచేసే పని. ఆ పనంటే నాకు ప్రాణం. నాకు మగవాళ్ళంటే ఇష్టమన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియనిచ్చేవాణ్ణి కాదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, అదీ మచ్చతో. అప్పటి రూలు అది.

ఎవడో పుణ్యాత్ముడు ఆ సంగతి పైవాళ్ళకి మోశాడు. విచారణ మా యూనిట్ కెప్టెన్ చేతికొచ్చింది. ఆయన నన్ను ఒక్కణ్ణే పిలిచి, తలుపు వేసి, కిటికీలోకి చూస్తూ మాట్లాడాడు. సోమవారం సార్జెంట్‌ని సాక్షిగా పెట్టుకుని, నువ్వు అలాంటివాడివా అని నన్ను ఒకే ప్రశ్న అడుగుతాడట. నేను లేదంటే చాలు, ఆధారాల్లేవని రాసి మూసేస్తాడట. "నిజమేంటో నాకు అక్కర్లేదు. నీ పనితనం ఈ యూనిట్‌కి కావాలి" అన్నాడు. ఆయనకి దణ్ణం పెట్టాలో, కాలర్ పట్టుకోవాలో తెలియలేదు. ఉన్నది ఉన్నట్టుగా నేను పనికిరాను, మరొకడిలా నటిస్తే మాత్రం కావాలి! ఒళ్ళు మండింది. అయినా తలూపాను. ఆర్మీ లేకపోతే నాకు వేరే బతుకు కనబడలేదు.

శనివారం ఫోన్‌లో అమ్మ గొంతు వినగానే ఆగలేకపోయాను. నా సంగతి, విచారణ సంగతి అన్నీ కక్కేశాను. కెప్టెన్ చెప్పిన ఉపాయం మాత్రం, బయటపడితే ఆయనకి ముప్పని దాచాను. అమ్మ చివరిదాకా వింది. తర్వాత, మీ ఆఫీసర్ సోమవారం ఎన్నింటికి వస్తాడని అడిగింది. ఏదో మాటవరసకి అడిగిందనుకున్నాను.

అమ్మ డెట్రాయిట్ దగ్గర నర్సు. అంతకుముందు గుంటూరులో మిషన్ ఆసుపత్రిలో చేసింది. అక్కడ బదిలీ ఆగాలన్నా, సెలవు దొరకాలన్నా సూపరింటెండెంట్ దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఉన్నదంతా ఒప్పుకుని బతిమాలుకోవడమే పద్ధతి. ఆవిడకి తెలిసిన పైఅధికారులంతా అలాగే కరిగేవారు.

సోమవారం కెప్టెన్ గది బయట నిలబడి ఉంటే అమ్మ వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీర, చేతిలో డబ్బా నిండా కజ్జికాయలు. ఆదివారం ఆరాధన కాగానే బయల్దేరి డ్రైవ్ చేసుకుంటూ వచ్చిందట. నేను నోరు తెరిచేలోపే లోపలికి వెళ్ళిపోయింది. నేనూ వెనకాలే పరిగెత్తాను.

డబ్బా బల్లమీద పెట్టి, చేతులు జోడించి, తన ఇంగ్లీషులో చెప్పింది.

"సార్, మా అబ్బాయి అలాంటివాడే. నాతో చెప్పుకున్నాడు. దేవుడు వాణ్ణి నాకు అలాగే ఇచ్చాడు. పనిలో లోపముంటే పంపేయండి. దీనికోసం మాత్రం పంపకండి సార్, ప్లీజ్."

పక్కన సార్జెంట్ వింటూనే ఉన్నాడు. కెప్టెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నావైపు తిరిగి, మీ అమ్మగారు ఏదో పొరపాటు పడ్డారు కదా అని అడిగాడు. ఆయన గొంతు కూడా నన్ను బతిమాలుతున్నట్టే ఉంది. అవునంటే చాలు, భాష సరిగా రాని ముసలావిడ ఏదో అందని నవ్వేసి వదిలేసేవాళ్ళు.

అమ్మ జోడించిన చేతులు ఇంకా దించలేదు. చర్చిలో పక్కవాళ్ళకి కూడా వినబడకుండా ప్రార్థించే మనిషి, నాకోసం పరాయివాళ్ళ ముందు గొంతెత్తింది. ఆవిణ్ణి తెలివితక్కువది చేసి నేను బయటపడాలా? ఏడుపు ముంచుకొచ్చింది.

"పొరపాటేం లేదు సార్. అమ్మ చెప్పింది నిజం."

కెప్టెన్ పెన్ను తీసి నా ఒప్పుకోలు రాయడం మొదలుపెట్టాడు.

పార్కింగ్‌లో కారు దగ్గర అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మంచివాడిలాగే ఉన్నాడురా. ఉంచుతాడు కదా?"

"ఉంచుతాడమ్మా" అన్నాను.