పోటు నీళ్లలో పంగలకర్ర

ఇది దయ్యం కథ అనుకోవద్దు. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. బేస్తవారిపేట దగ్గర మా ఊళ్లో నాకు బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. ఇరవై ఏళ్లుగా అదే పని. మీటరు పెడితే ముల్లు కదలాలి, కదలకపోతే వైండింగ్ కాలిపోయినట్టే. అంతకు మించిన నమ్మకాలు నాకు లేవు. ఆదివారం చర్చికి పోతాను, అది వేరే సంగతి.

మా నాయన మాత్రం నీళ్లు చూసేవాడు. అంటే బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పేవాడు. పంగ ఉన్న వేప కొమ్మ ఒకటి కోసుకుని, దాని రెండు కొసలూ రెండు పిడికిళ్లలో పట్టుకుని, చెప్పులు విడిచి చేలో నడిచేవాడు. కింద జల ఉన్నచోట కర్ర మొన తనంతట తానే నేల వైపు వంగేది. అక్కడ మడమతో మూడుసార్లు తొక్కి గుర్తు పెట్టేవాడు. కూలి పనులకు పోయే మనిషి, ఈ పనికి మాత్రం కూలి అడిగేవాడు కాదు. కొమరోలు నుంచి కూడా వచ్చి బండి ఎక్కించుకుని పోయేవాళ్లు.

నాకు అదంతా నామోషీగా ఉండేది. చేతులు బిగపట్టుకుని అంతసేపు తిరిగితే ఎవరి కర్రయినా వంగుతుందని ఎగతాళి చేసేవాణ్ణి. చివరికి మా చేలోనే, నాయన చూసిన చోటే బోరు వేయించాం. ఎనిమిది వందల అడుగులు దిగినా దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. ఊరి జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నాయన చేతిలోని కర్ర లాక్కుని మోకాలికి ఆనించి విరిచేశాను.

"ఇంక ఆపు నాయనా ఈ దొంగ వేషాలు" అన్నాను, అందరి ముందరా.

ఆయన ముఖం మీద పడిన దుమ్ము తువ్వాలుతో తుడుచుకుని ఇంటికి నడిచాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. మూడేళ్లకు చనిపోయాడు. తప్పయిందని ఒక్కసారి చెబుదామనుకుంటూనే ఆ మూడేళ్లూ గడిపేశాను. సిగ్గు అడ్డం వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా చెల్లెలు రూతును సముద్రం దగ్గరి ఒక చిన్న దీవికి ఇచ్చాం. చర్చి సభల్లో కుదిరిన సంబంధం. ఆమె మొగుడు యాకోబు చేపల వేటకు పోతాడు. నలభై యాభై ఇళ్లు, ఒక చర్చి, ఒక బడి, చుట్టూ నీళ్లు. పడవ దాటి పోవాలి. పోయిన ఏడాది రూతుకు కొడుకు పుడితే చూడటానికి నేనూ, నా భార్య సుజాతా, ఏడేళ్ల మా పాప కరుణా వెళ్లాం.

మెట్ట ప్రాంతం వాళ్లం కదా, ఆ నీళ్ల తీరు చూసి నాకు మతి పోయింది. పొద్దున గట్టుదాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి లేవు. మా ఊరి చెరువైనా ఎండటానికి నాలుగు నెలలు తీసుకుంటుంది. నీళ్లు రావడాన్ని పోటు అనీ, పోవడాన్ని పాటు అనీ అంటారని రూతు చెప్పింది. అక్కడి ఆడవాళ్లు వంట కూడా ఆ లెక్కలోనే చేసుకుంటారు. గడియారం చూసే పనే లేదు.

రెండో రోజు మధ్యాహ్నం బాగా పాటు తీసింది. దీవికి ఎదురుగా, సముద్రం వైపు, పీతల దిబ్బ అని ఒక ఇసుక మిట్ట ఉంది. పాటు సమయంలో అక్కడికి నడిచి పోవచ్చు. దారి గుర్తుకు మడ కర్రలు వరుసగా పాతి ఉంటాయి. పాప గవ్వలు కావాలని ఒకటే గోల. యాకోబు వల దగ్గర ఉన్నాడు, సుజాత వంటలో ఉంది. నేను బయలుదేరుతుంటే రూతు గడపలోంచి కేకేసింది.

"అన్నా, కర్రల వెంబడే పో. అమావాస్య దగ్గరకొచ్చింది, పోటు పెద్దగుంటాది. నీళ్లు తిరగకముందే వచ్చేయి."

సరేనన్నాను. ఫోను ఛార్జింగులో ఉంటే అక్కడే వదిలేశాను. నీళ్లు తిరగడం అంటే ఎలా ఉంటుందో అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు, తెలిసినట్టే తల ఊపాను.

పావుగంట నడక. కర్రల వెంబడి అక్కడక్కడా చీలమండ లోతు నీళ్లు, అంతే. నా కంటికి అది మా ఊరి వాగులాగే కనిపించింది. వాగు అంటే నాకు భయం లేదు. కొండల్లో వాన పడితే వాగు చప్పుడు చేస్తూ వస్తుంది, అర మైలు నుంచే వినపడుతుంది. అందుకే దిబ్బ మీద కూర్చుని, నీళ్లు వస్తే అటునుంచే వస్తాయనుకుని నేను గట్టు వైపు చెవి పెట్టి ఉన్నాను. సముద్రానికి వీపు పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి వేస్తుంది.

పాప గవ్వలు ఏరుకుని, తర్వాత ఒక మడ కొమ్మ దొరికితే దాన్ని పట్టుకుని ఆడుకుంది. పంగ ఉన్న కొమ్మ. తాత దానికి చిన్నప్పుడు నేర్పిన ఆట అది. రెండు చేతులా పట్టుకుని నడిచి, ఒకచోట ఆగి మడమతో మూడుసార్లు తొక్కి, కూర్చుని చేతులతో ఇసుక తవ్వింది. మా వైపు వాగులో తాగే నీళ్లకు చెలమ తీసినట్టే.

"నాయనా, చూడు, ఎట్ల ఊరుతుండాయో!" అని అరిచింది.

నేను పోయి చూశాను. మూరెడు గుంత చూస్తుండగానే సగం నిండింది. మా ఊళ్లో చెలమ అంత వేగంగా ఊరితే ఊరంతా బిందెలు పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. నాకూ సంతోషమే వేసింది. పాపతోపాటు కూర్చుని, "జల బాగుండాదమ్మా" అని ఇంకో రెండు గుంతలు తీశాను. ఆ గుంతల అంచులు కరిగి కలిసిపోయి, నా కాళ్ల కింద ఇసుక మెత్తబడినప్పుడు తల ఎత్తాను.

దిబ్బ సగమే ఉంది. చప్పుడు లేదు, అల లేదు, ఏమీ లేదు. మేం నడిచి వచ్చిన నేలంతా గోధుమరంగు నీళ్లు. పాతిన కర్రల కొసలు మాత్రం జానెడు జానెడు కనిపిస్తున్నాయి. నేను విడిచిన చెప్పులు తేలుతూ పోతున్నాయి.

నాకు ఈత రాదు. మా ఊళ్లో బావులు ఎండిపోయాక పెరిగినవాణ్ణి, ఎక్కడ నేర్చుకోవాలి? గొంతు పోయేలా అరిచాను. గాలి ఎదురు కొడుతోంది, ఇళ్లు దూరం. పాపను భుజాల మీద ఎక్కించుకుని కర్రల వరుసలోకి దిగాను. పది అడుగులకు తొడల దాకా, పదిహేను అడుగులకు నడుము దాకా వచ్చాయి నీళ్లు. కింద ఒరవడి కాళ్లను పక్కకు లాగింది. ఒక కాలు జారింది. పాప నా జుట్టు పట్టుకుని ఏడ్చింది. ఎలాగో వెనక్కి వచ్చి దిబ్బ ఎక్కాను. అప్పటికి దిబ్బ మా ఇంటి వసారా అంత మిగిలింది. నేను పోయినా ఫరవాలేదు, ఈ పిల్లను ఏం చేయను ప్రభువా అని పైకే అన్నాను.

పాప ఆ కొమ్మను ఇంకా వదల్లేదు. భుజాల మీద నుంచి దాన్ని నా ముందుకు చాపి, "తాత కర్ర పట్టుకో నాయనా" అంది.

ఎందుకు పట్టుకున్నానో నాకు తెలియదు. లోతు కొలుచుకోవడానికి అనుకుని ఉంటాను. కానీ నా చేతులు దాన్ని కొలిచే కర్రలాగా పట్టుకోలేదు. నాయన పట్టుకున్నట్టు, రెండు కొసలూ పిడికిళ్లలో బిగించి, మొన ముందుకు పెట్టి పట్టుకున్నాయి. నేను ఎడమ వైపు నాలుగు అడుగులు వేశాను. కర్ర ఒక్కసారిగా కిందికి వంగింది. నేను వంచలేదు. ఆపాలని చూశాను కూడా. పిడికిళ్లలో బెరడు మెలి తిరిగి ఊడిపోతోంది.

కర్ర వంగితే కింద నీళ్లున్నట్టు. నాయన జన్మంతా దానితో నీళ్లు వెతికాడు. నాకు ఇప్పుడు నీళ్లు వద్దు. ఆ ఆలోచన రాగానే పక్కకు జరిగాను. కర్ర తేలికపడి లేచింది. లేచిన వైపే నడిచాను. మళ్లీ వంగినచోట ఆగి, పక్కకు తిరిగి, లేచేదాకా చూసి అడుగు వేశాను. కర్రల వరుసకు చాలా దూరంగా, ఒక దశలో దీవికి వీపు పెట్టి సముద్రం వైపే నడవాల్సి వచ్చింది. ప్రాణం ఒప్పుకోలేదు, అయినా నడిచాను. మూడుసార్లు మలుపు తిరిగాను. నీళ్లు మోకాలు దాటలేదు. పాప ఏడుపు మానేసి నా తల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది.

గట్టు ఎక్కేసరికి యాకోబు పడవ తోసుకుని ఎదురొస్తున్నాడు. రూతు ఒడ్డున నిలబడి గుండెలు బాదుకుంటోంది. సుజాత పాపను లాక్కుని ఒళ్లంతా తడిమి చూసింది. నా అరచేతులు రెండూ పచ్చిపుండ్లలా కమిలిపోయాయి. రాత్రి ఆ చేతులకు నూనె రాస్తూ అప్పుడు ఏడ్చింది.

మర్నాడు పాటు తీశాక యాకోబు నన్ను తీసుకుపోయాడు. నేను వచ్చిన దారి చూపించమన్నాడు. చూపించాను. రెండు బారల వెడల్పున ఇసుక మిట్ట, పాములాగా మూడు మలుపులు తిరిగి ఉంది. రెండు పక్కలా పాయలు. పాటులో కూడా వాటిలో నీళ్లు నల్లగా నిలిచి ఉన్నాయి. యాకోబు పడవ గడ దించాడు. అడుగు తగల్లేదు.

"ఇక్కడే పుట్టి పెరిగాను బావా. ఈ మిట్ట ఇట్టా తిరుగుద్దని నాకే తెల్దు. పోటులో నేనైతే దిగేవోణ్ణి కాదు" అన్నాడు.

మెకానిక్కును కాబట్టి నేనూ కారణాలు వెతికాను. నీళ్ల రంగులో తేడాను నా కన్ను పసిగట్టి ఉండొచ్చు. భయంతో చేతులు వణికి కర్ర వంగి ఉండొచ్చు. అదృష్టం కూడా కావొచ్చు. కానీ మూడు మలుపులూ ఒక్కటి తప్పకుండా అదృష్టం ఎలా కుదురుతుందో నాకు అంతుబట్టలేదు. అదే కొమ్మను ఇంటికి తెచ్చాను. నీళ్లు బాగా పడుతున్న బోర్ల పక్కన పట్టుకుని తిరిగాను. అది వంగదు. వేప పంగతోనూ చూశాను. నా చేతుల్లో కర్ర కర్రలాగే ఉంటుంది. ఇప్పుడది దుకాణంలో మీటరు పక్కన మేకుకు వేలాడుతోంది.

ఊరికి రాగానే సమాధుల తోటకు పోయి నాయన దగ్గర కూర్చున్నాను. తప్పయింది నాయనా, నా బిడ్డను నాకిచ్చావు అన్నాను. ఆయన విన్నాడో లేదో చెప్పలేను.

ఈ సంగతి ఊళ్లో పాకిపోయింది. మొన్న మా పక్క చేను ఓబులయ్య మామ దుకాణానికి వచ్చాడు. ఆ రోజు బోరు బండి చుట్టూ నిలబడి చూసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. బెంచీ మీద ఇంకో నలుగురు మోటార్ల కోసం కూర్చుని ఉన్నారు.

"నీకు గూడా నీళ్లు చూడను వచ్చినాదంట గదా అబ్బీ. మా చేలో ఒకసారి చూడరాదూ?" అన్నాడు.

చేతిలోని స్పానరు కింద పెట్టాను. బెంచీ మీది వాళ్లు కూడా వినేటట్టు చెప్పాను.

"నాకు రాదు మామా. మా నాయనకు వచ్చేది."