ఆకులతో సహా ఒక గూడు

మా అత్తకి అబద్ధాలకోరు అని పేరు పెట్టింది మా నాన్నే. తోడబుట్టిన అక్కని అలా అనడానికి నోరెలా వచ్చిందో! ఆయన తీరే అంత.

అత్త పని ఊరి చివర రెండు చెరువుల్లో గుర్రపుడెక్క లాగడం. పొడవాటి కర్రకి కొక్కెం కట్టి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి లాగి, ఒడ్డున పోస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే. ఏ పిట్ట ఏ కొమ్మన వాలుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నాన్నది ఫోటో స్టూడియో. అందులో ఫోటోలు కత్తిరించే పని నాది. ఆదివారం పొద్దున్నే ఆయన పదిమందిని వెంటేసుకుని, చెరువుల చుట్టూ, పక్కనున్న చిట్టడవిలో పిట్టల్ని చూపిస్తానంటూ ఊరేగుతాడు. కెమెరా స్టాండు మోసేది నేను.

నిరుడు తోకపిగిలి పిట్ట గూడు అత్తే చూపించింది. నీళ్ల మీదికి వంగిన కొమ్మ పంగలో, చేతికందే ఎత్తులో మూడు పిల్లలు. ఆకులు అడ్డొస్తున్నాయని నాన్న నా సంచిలోని కత్తెర లాక్కుని, చుట్టూ శుభ్రంగా కత్తిరించేశాడు. ఫోటోలు తీసుకుని, ఇంటికెళ్లి పడుకున్నాడు. మధ్యాహ్నానికి కాకులు మూడింటినీ ఎత్తుకుపోయాయి. అత్త నీళ్లలోంచి ఒడ్డుకి చేరేలోపే అంతా అయిపోయింది. బురదకాళ్లతోనే స్టూడియోలోకి వచ్చి, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న మనిషి ముందే, "నీ చేతులు పడిపోనూ!" అంది.

"పిట్టపిల్లలకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు నాన్న. ఆ మాటకి నాకూ ఒళ్లు మండింది.

అప్పట్నుంచి ఆయన ఏది అడిగినా అత్త తప్పుదారే చూపించేది. లకుముకిపిట్ట ఎక్కడంటే చెత్తకుప్ప దగ్గరికి పంపింది. నీటికోడి అంటే ముళ్లపొదల్లోకి తోలింది. చివరికి నాన్న ఒక సూత్రం కనిపెట్టాడు. అక్క తూర్పంటే తను పడమరకి పోవడం.

ఈ ఏడు ఆ తోకపిగిలి జంట మళ్లీ వచ్చింది. అదే చెట్టు, ఇంకో కొమ్మ. అత్త నాకొక్కదానికే చూపించింది. ఆ ఆదివారం నాన్న గుంపుతో వచ్చేసరికి మగపిట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. తెల్లటి తోక గూడు బయటికి జానెడు వేలాడుతోంది. ఇంకో ఇరవై అడుగులు వేస్తే కళ్లున్న ఎవరికైనా కనిపిస్తుంది.

"అక్కా, ఈసారి గూడెక్కడ? నిజం చెప్పి చావు."

అత్త కర్ర ఎత్తి సూటిగా ఆ కొమ్మనే చూపించింది. "అదిగోరా, ఆ చెట్టుకే. కళ్లు పోయాయా?"

నాన్న పగలబడి నవ్వాడు. అటు తల కూడా తిప్పలేదు. "విన్నారుగా! ఆ చెట్టు దరిదాపుల్లో ఈకముక్క కూడా ఉండదు. పదండి అవతలి చెరువుకి!"

అందరూ వెనక్కి తిరిగారు. అత్త మళ్లీ గుర్రపుడెక్క లాగడంలో పడింది. తర్వాతి ఆదివారాల్లోనూ నాన్న ఆ వైపు పోలేదు.

నెల దాటాక అత్త మళ్లీ స్టూడియో మెట్లెక్కింది. చేతిలో ఆకులతో సహా నరికిన కొమ్మ, పంగలో ఖాళీ గూడు. తెచ్చి నాన్న ముందు బల్ల మీద పెట్టింది.

"నేను చూపించిన చోటే ఉందిరా. పిల్లలు మూడూ ఎగిరిపోయాయి. ఇప్పుడు తీసుకో ఫోటో."

నాన్న కెమెరా అందుకున్నాడు. గూడు కనబడక, అలవాటు కొద్దీ ఒక ఆకుని పక్కకి తప్పించబోయాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా," అంది అత్త.