మా మాస్టారికి వయసు రాసిన రోజు

స్టాంపు ప్యాడు సిరా వాసన నాకు పడదు. మొన్న ఏలూరు ట్రెజరీకి వెళ్ళాను. నేనింకా బతికే ఉన్నానని ఏడాదికోసారి అక్కడ రుజువు చేసుకోవాలి, పింఛనుదార్లందరికీ తప్పని పనే. చెయ్యి వణికి సంతకం వంకరపోయిందని గుమాస్తా అమ్మాయి వేలిముద్ర వేయమంది. ప్యాడు మీద వేలు ఆనించగానే ఆ తడి, ఆ వాసన తగిలి నేను ఎక్కడికో వెళ్ళిపోయాను. "వయసెంతండీ?" అని ఆ అమ్మాయి అడిగితే "తెలియదమ్మా" అన్నాను. ముసలాయనకి మతి పోయిందనుకుని, కాగితాలు చూసి తనే రాసేసుకుంది. మతి బాగానే ఉంది. నా వయసెంతో నాకు నిజంగానే తెలియదు. తెలియదన్న సంగతి నాకు తెలిసింది మా సత్యానందం మాస్టారి వల్ల.

కొల్లేటి ఒడ్డున మా ఊరి బోర్డు స్కూలుకి ఆయనొక్కరే మాస్టారు. నాకు అక్షరాలు దిద్దించినవారూ ఆయనే, పెద్దయ్యాక ఏలూరులో ఆ స్కూళ్ళని నడిపే జిల్లా బోర్డు ఆఫీసులో గుమాస్తా పనికి అర్జీ రాసిపెట్టినవారూ ఆయనే. అబద్ధమంటే ఆయనకి ఒళ్ళు మంట. ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని, స్కూలు పరువు పోకూడదని, ఊరి పెద్దలు పక్క ఊరి పిల్లల్ని తెచ్చి బెంచీల నిండా కూర్చోబెట్టారు. మాస్టారు వాళ్ళని ఒక్కొక్కరినే లేపి ఇళ్ళకి పంపేశారు. "మా పిల్లలు సగంమంది చేపలకి పోయారండి" అని ఇన్‌స్పెక్టరు గారితో చెప్పేశారు. పెద్దలు ఆయనతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అలాంటి మనిషి గురించి నేను రాస్తున్న సంగతి ఇది. అందుకే ఎంత రాసినా నాకు తికమకగానే ఉంటుంది.

నేను ఆఫీసులో చేరిన నాలుగైదేళ్ళకి, అంటే పంతొమ్మిది వందల ముప్ఫైల నడుమ, ఒక పూట మాస్టారు గుమ్మం తడుముకుంటూ లోపలికి వచ్చారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు.

"అబ్బాయీ, నల్లబల్ల మీద నేను రాసింది నాకే కనపడట్లేదు. పిల్లలు మర్యాదకి ఊరుకుంటున్నారు. ఇంక దిగిపోతాను. నా ఫండు, ఇన్సూరెన్సు ఇప్పించెయ్యండి" అన్నారు.

మా హెడ్‌క్లర్కు గారు సర్వీసు రిజిస్టరు తీసి చూసి, తల గోక్కున్నారు. "యాభై అయిదు నిండాలి కదండీ. మీకు నలభై ఏడేనండీ."

"నలభై ఏడా? మా పెద్దమ్మాయికే ముప్ఫై నాలుగండీ!"

ఆఫీసంతా నవ్వింది. జరిగిందేమిటంటే, మాస్టారి వాళ్ళ కుటుంబం ఆయన కాస్త ఎదిగాక చర్చిలో కలిసింది. పాస్టరు గారి పుస్తకంలో ఉన్నది బాప్తిస్మం ఇచ్చిన తేదీ. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ కాగితమే పట్టుకొస్తే, అప్పటి గుమాస్తా దాన్నే పుట్టినతేదీగా ఎక్కించేశాడు. చూపించిన చోట ఈయన సంతకం పెట్టేశారు. మా చర్చి కుటుంబాల్లో ఇలా చిన్నవాళ్ళయిపోయిన పెద్దలు ఇంకా ఉన్నారని తరవాత తెలిసింది.

ఇప్పుడే దిగిపోతే ఫండులో బోర్డు జమకట్టిన వాటా రాదు. ఆయన సొంతంగా దాచుకున్నది ఇల్లు కప్పించుకోవడానికి ఎప్పుడో వాడేశారు. అంటే కళ్ళ ఆపరేషనుకీ, ఆయనా, ఆయన భార్య శాంతమ్మగారూ ఇక మీదట తినడానికీ ఉన్నది ఆ వాటా, ఆ పాలసీ మాత్రమే. పోనీ వయసు దిద్దిద్దామా అంటే అందులోనూ చిక్కే.

"యాభై ఎనిమిదని తేలిందనుకోండి, మూడేళ్ళు ఎక్కువ చేశారు, ఆ జీతం కక్కమంటారు. ఇన్సూరెన్సువాళ్ళు వయసు తక్కువ చూపారని కోత పెడతారు, అదెలాగూ తప్పదు. సరిగ్గా యాభై అయిదని సాక్ష్యం తెండి" అన్నారు హెడ్‌క్లర్కు గారు.

"సరిగ్గా ఎంతో దేవుడికే తెలియాలండీ."

"ఆయన సంతకం ఇక్కడ చెల్లదండీ. మీరు పుట్టినప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా బతికున్నారా?"

ఉన్నది ఒక్క దీనమ్మగారు, మాస్టారి పెద్దమ్మ. ఆవిడ ఉండేది కొల్లేటి మధ్య ఒక లంకలో. వాఙ్మూలం రాసుకు రమ్మని నన్నే పంపారు. కాగితాలు, స్టాంపు ప్యాడు ఒళ్ళో పెట్టుకుని, మాస్టారి పక్కన తాటిదోనెలో కూర్చుని వెళ్ళాను. దీనమ్మగారు వాకిట్లో ఎండుచేపలు ఏరుతున్నారు.

"పెద్దమ్మా, నేను ఎప్పుడు పుట్టానే?" అన్నారు మాస్టారు.

"వరదకి పుట్టావురా."

"ఏ వరదకండీ?" అన్నాను నేను.

"పెద్ద వరదకి బాబూ. ఇంట్లోకి నీళ్ళొచ్చేసి, మా చెల్లెలు అటక మీద కన్నాది వీణ్ణి."

కొల్లేటిలో ఇళ్ళలోకి నీళ్ళు రాని ఏడు ఎక్కడుంది? ఆవిడ రెండో కొడుకు అప్పటికి పాకుతున్నాడట. ఆ కొడుకు పెళ్ళి గేదె ఈనిన ఏడట. ఆ గేదె ఏ ఏడు ఈనిందో అంటే మళ్ళీ ఇంకో వరద. పెన్సిలుతో కూడితే ఒకసారి యాభై రెండు, ఒకసారి అరవై. రాసింది చెరిపి మళ్ళీ మొదలెట్టాను.

చివరికి ఆవిడకే నా మీద జాలేసింది. "మీకు ఎంతుంటే మంచిదో చెప్పు బాబూ, అంతే అంటాను."

"అబద్ధం చెప్పకు పెద్దమ్మా" అన్నారు మాస్టారు.

"అబద్ధం ఏంట్రా? నాకు తెలిస్తే కదా!"

నేను తల వంచుకుని యాభై అయిదని రాశాను. రాసింది పైకి చదివాను. దీనమ్మగారు తల ఊపి వేలిముద్ర వేశారు. జీవితమంతా చేపలు తోమిన వేలు, గీతలేవీ పడలేదు, నల్లటి మచ్చ పడింది. కింద మాస్టారు సంతకం చేయాలి. కలం చేతికిచ్చి, చోటు వేలితో చూపించాను. ఆయన కాగితాన్ని చేత్తో తడిమారు. చింపేస్తారనుకున్నాను.

"నువ్వు బళ్ళో చేరిన రోజు గుర్తుందా అబ్బాయీ?"

"లేదండి."

"కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడం చెవి అందుకోమన్నాను. అందితే అయిదేళ్ళు నిండినట్టు లెక్క. పుట్టినరోజు తెలియని పిల్లలకి అలాగే రాసేవాణ్ణి. నీకు అందలేదు. మీ అమ్మకి ఊడ్పులకి వెళ్ళకపోతే గడవదు, నిన్ను వదిలి వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ లేరు. అయిదని రాసేశాను."

ఆ మాట అని సంతకం చేసేశారు.

కొన్నాళ్ళకి సొమ్ము వచ్చింది. పాలసీలో కోత పడినా వాటా పూర్తిగా ఇచ్చారు. ఆపరేషనుతో ఒక కంటికి చూపు వచ్చింది. నాలుగేళ్ళు బతికారాయన. ఎప్పుడు వెళ్ళినా ఆదరంగా మాట్లాడేవారు, ఆ కాగితం మాట మాత్రం ఎత్తలేదు. నాకూ ఎత్తే ధైర్యం లేకపోయింది. ఆయన రాసిన తేదీ ప్రకారమే తరవాత నేనూ రిటైరయ్యాను, దిద్దించుకోలేదు.

ఆయన పోయాక సమాధికి రాయి చెక్కించే రోజున శాంతమ్మగారు నన్ను పిలిపించారు. "వయసు ఎంతని చెక్కించను నాయనా? నువ్వే కదా రాశావు" అన్నారు. యాభై అయిదుకి నాలుగు కలిపి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ నా మొహం చూసి, "పోన్లే, ఎప్పటికో నువ్వూ పైకి వెళ్ళాక ఆయన్నే అడుగుదువుగాని" అన్నారు. రాయి మీద పేరు ఒక్కటే చెక్కించారు.

నాకూ వెళ్ళే రోజు దగ్గరపడింది. వెళ్ళాక అడగవలసింది ఒక్కటే ఉంది. ఆ రోజు ఆ చెవి సంగతి చెప్పి సంతకం చేస్తూ ఆయన నన్ను క్షమించారా, నన్ను క్షమాపణ అడిగారా?