హుజూరాబాద్ బస్సు ఎక్కేదాక

మందమర్రి అంగట్ల బెండకాయలు ఏరుకుంటున్న. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకున్నది, చేతులు తిమ్మిర్లెక్కినయి, ఊపిరి ఆడలే. సచ్చిపోతున్న అనుకున్న. సంచి ఆడనే ఇడిసిపెట్టి మా కంపెనీ క్వార్టర్‌కు ఉరికిన. తలుపేసుకున్నంక పానం నిమ్మళమైంది. గదే నా కొంప ముంచింది. బయటికి పోతే సస్త, ఇంట్ల ఉంటే బతుకుత అని మనసుల బడ్డది.

అంతకు కొన్ని నెలల ముందు మా ఆయన పనిచేసే బొగ్గుబాయి సైరన్ యాళకాని యాళ మోగింది. లోపట ప్రమాదమైందని కాలనీ ఆడోళ్లమంతా బాయికాడికి ఉరికినం. మా ఆయన పానంతోని పైకొచ్చిండు గని, ఎవలున్నరో ఎవలు పోయిన్రో తెల్వక గా గుంపుల నిలబడ్డ గడియలు నన్ను ఇడువలే.

దవాఖానల ఈసీజీ తీసిన్రు. "ఈసీజీ నార్మల్, బీపీ నార్మల్" అన్నరు. అన్నీ నార్మలైతే నేనెందుకు సస్తున్న? మా అత్త ఊకుంటదా! గాలి సోకిందని మంత్రగాన్ని పిలిపించింది. ఆయన తాయెత్తు కట్టి, "అమాస పోయేదాక గడప దాటొద్దు" అన్నడు. ఎంత సంబురమైందో నాకు! నా రోగం ఏం కోరుకున్నదో గదే చెప్పిండాయె. అమాస పోయింది, నేను మాత్రం గడప దాటలే. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి కూరగాయలు తెచ్చుడు, పక్కింటామె నీళ్లు పట్టిచ్చుడు. అందరు మంచోళ్లే. అందరు కలిసి నన్ను ఇంట్ల పాతిపెట్టిన్రు.

బాపు ఎప్పుడో పోయిండు. నన్ను కన్న మా అవ్వ హుజూరాబాద్‌ల నా తమ్మునికాడ ఉండేది. మోకాళ్ల నొప్పులతోని బస్సెక్కలేకపోయేది. "ఒక్కపారి వచ్చిపో బిడ్డా" అని కబురు పంపేది. "వస్త అవ్వా" అని నేను పంపుడు. ఏండ్లు పోయినయి.

ఆఖరికి మా ఆయన జీపు మాట్లాడి, బయట కనవడకుంట నా మొఖానికి కొంగు కప్పి, కరీంనగర్ల మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ కాడికి తీస్కపోయిండు. ఆమె అంతా ఇన్నది. "దీన్ని అగోరాఫోబియా అంటారమ్మా, ఇల్లు దాటితే ఏదో అయిపోతుందన్న భయం. నీకు వచ్చేది ప్యానిక్ అటాక్. భయపెడుతుంది గానీ చంపదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ చేద్దాం. భయమయ్యే చోటికే పోవాలి, భయం దిగేదాకా అక్కడే నిలబడాలి. నీ మనసు 'చస్తున్నా' అంటే, 'మొన్న కూడా అన్నావు, చచ్చావా?' అని దాన్ని అడుగు" అన్నది.

నా ఒళ్లు మండింది. "మీకేంది మేడం, చెప్తరు" అన్న. ఆమె నవ్వలే. "ఎక్కడికి పోవాలని ఉంది నీకు?" అని అడిగింది. "మా అవ్వ కాడికి" అని ఎక్కెక్కి ఏడ్చిన.

మొదలు వాకిలి. తర్వాత నల్లా, కిరాణం దుకాణం, అంగడి. ఒకపారి మంచిర్యాల బస్సు సగంలనే దిగి ఏడ్చుకుంట వచ్చిన. మల్ల వాకిలి కాడికే వచ్చింది నా బతుకు. అయినా మొదలువెట్టిన. మంచిర్యాల దాక పోయివచ్చిన నాడు, "దసరాకు అవ్వ కాడికి పోత" అన్న మా ఆయనతోని. ఆయన తల దించుకొని, "పోదువు తియ్యి" అన్నడు.

కొన్ని రోజులకు తమ్ముడు వచ్చిండు, నెత్తి నున్నగ గొరిగించుకొని. ఇంక అడిగేదేమున్నది? అవ్వ పక్షవాతంతోని మంచం వడ్డ సంగతి, పోయిన సంగతి, దినాలు అయిన సంగతి అన్నీ దాచిన్రు. "నీ పానం తట్టుకోదని చెప్పలే అక్కా" అన్నడు. మా ఆయన కండ్లు ఎత్తలే. "మీ దయ సల్లగుండ! నన్నొక్క మాట అడిగిన్రా?" అని మొత్తుకున్న.

గా పూటనే బస్సెక్కిన. ఎవల్ని వెంట రానియ్యలే. పెద్దపల్లి దాటంగ పానం గొంతులకొచ్చింది. దింపుమందామని లేచిన, మల్ల కూసున్న. భయం ఎక్కి ఎక్కి, ఆఖరికి దానంతటదే దిగింది. డాక్టరమ్మ చెప్పింది నిజమే. నిజమైతే ఏం లాభం, ఇంటికి పోతే అవ్వ మంచం ఖాళీ.

ఇప్పుడు అంగడికి నేనే పోత. ఒక్కోపారి దడ వస్తది, నిలబడ్త, పోతది. మీ ఇంట్ల గిట్లాంటోళ్లుంటే వాళ్ల పనులు మీరు చేసిపెట్టకున్రి, పక్కపొంటి నడువున్రి. కబురు మాత్రం దాచకున్రి. అవ్వ మంచంల ఉన్నదని నాకు ఒక్కమాట చెప్పి ఉంటే, సచ్చుకుంటనన్న పోదును.