పెద్దక్క కాపలా

మిల్లు హాస్టల్లో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే ఆడవాళ్లు నలభైమంది ఉండేవారు. వాళ్లకి కాపలా పెద్దక్క. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మిల్లు కూతకి మేనమామ. బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి గలగలమంటే గోడ మీది బల్లులు కూడా వరసలో నిలబడి హాజరు పలికేవి. నమ్మకపోతే మీ ఖర్మ. ఆవిడ తలలు లెక్కపెట్టేది కాదు, గుమ్మం బయటి చెప్పుల జతలు లెక్కపెట్టేది. లెక్క కుదరగానే బయటినుంచి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, నిద్రపోయే బిడ్డ వీపు నిమిరినట్టు తలుపుని నిమిరేది. చెర, ఖైదు, జైలు అన్న మాటలు ఎవరి నోటైనా వినిపిస్తే ఆ సాయంత్రం వాళ్లకి టీ ఉండేది కాదు. "భద్రత అనండే, మీ నోళ్లు పడిపోను!" అనేది.

ఒక మధ్యాహ్నం హాస్టలు కింది గోదాములో దూదికి నిప్పంటుకుంది. పొగ మెట్లెక్కి వచ్చేసరికి లోపలివాళ్లు లేచి తలుపు దబదబా బాదారు.

"పెద్దక్కా, తాళం తియ్యి!"

పెద్దక్క చెయ్యి తాళంచెవుల మీదికి వెళ్లి, వెనక్కి వచ్చింది. పరుగున పోయి గోనెసంచి నీళ్లలో ముంచి తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కింది సందులో శ్రద్ధగా కుక్కింది. పొగకి ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారలు కడుతున్నాయి.

"నీకు దండం పెడతాం అక్కా, తియ్యి!" లోపల ఎవరో ఏడుస్తున్నారు.

"తీస్తే, ఈ పొగలో పడి మీకేమన్నా అయితే నేను బతకగలనా తల్లీ?" అంటూ పెద్దక్క తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. "నేనిక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోను."