స్క్రీన్‌షాట్‌లో పడని చుక్కలు

ఫిల్మ్ నగర్‌లో నేను పనిచేసిన గ్రాఫిక్స్ స్టూడియో ఒక పాత బంగళా పై అంతస్తులో ఉండేది. నాతో ఎం.సి.ఎ. చదివినవాళ్ళు చాలామంది మాదాపూర్ అద్దాల మేడల్లో చేరిపోయారు. నేను మూడుచోట్ల ఇంటర్వ్యూ దాటలేకపోయాను. నాలుగోచోట ఈ సినిమావాళ్ళు తీసుకున్నారు. అక్కడున్న పద్నాలుగు కంప్యూటర్లూ లినక్స్ మీద నడిచేవి. వాటిని చూసుకోవడమే నా ఉద్యోగం. ఏదైనా మొరాయిస్తే నన్ను పిలిచేవారు. మొరాయించనప్పుడు ఎవరూ పిలిచేవారు కాదు.

షేక్‌పేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కొన్ని ఆదివారాలు, సాయంత్రం పాలప్యాకెట్ కొనేటప్పుడు కొట్టతనితో అన్న మాటే ఆ రోజుకి నేను మాట్లాడిన మొదటి మాట అయ్యేది. పొద్దుటి నుంచీ వాడని గొంతు కదా, బొంగురుగా వచ్చేది. గుంటూరులో ఉన్న అమ్మతో ఫోన్లో మాత్రం స్టూడియోలో అందరూ బాగా కలుపుగోలుగా ఉంటారని చెప్పేదాన్ని.

నిజానికి అక్కడ నన్ను రోజూ పలకరించే మనిషి ఒక్కరే. వరండా పక్క మూల గదిలో కూర్చునే పెద్దాయన. అరవైకి దగ్గరపడిన వయసు. ఒకప్పుడు సినిమా హోర్డింగులు చేత్తో గీసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. కుంచె పట్టిన చెయ్యి కదా అని ఇక్కడ తీసుకున్నారు. ఫైట్ సీన్లలో హీరోని గాల్లోకి లేపే తీగలు కెమెరాకి కనపడతాయి. వాటిని ఫ్రేము తరవాత ఫ్రేము చెరిపేసి, వెనకున్న ఆకాశాన్నో గోడనో మళ్ళీ అక్కడ గీయాలి. కుంచె బదులు పెన్ను, కాన్వాసు బదులు తెర. అందరూ ఆయన్ని పేంటర్ సాబ్ అనేవారు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. బోరబండ నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుని, మధ్యాహ్నం డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో తిని, ఓ గంట నడుం వాల్చేవారు. "తిన్నవా బిడ్డా?" అని అడిగి, నేను నసిగితే జొన్నరొట్టె విరిచి చేతిలో పెట్టేవారు.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో అన్ని కంప్యూటర్లకీ కొత్త అప్‌డేట్ వేశాను. రెండు వారాల తరవాత ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"బిడ్డా, నా తెర జర చూడు. చీకటి సీన్లల్ల ఆకుపచ్చ చుక్కలు కొడుతున్నయ్."

"ఎప్పుడూ ఉంటున్నాయా అండీ?"

"పొద్దుగాల మంచిగనే ఉంటది. తిని వచ్చినంక వస్తయ్. మధ్యాహ్నం వచ్చి చూడు."

చూస్తానన్నాను. మర్చిపోయాను. ఆయన కూడా మళ్ళీ అడగలేదు. ఆ చుక్కలు షూటింగులోనే పడ్డాయేమో అనుకుని, ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోయారు.

ఆ వారం చివర దర్శకుడు పెద్ద తెర మీద షాట్లు వేసుకుని చూశాడు. రాత్రి సీను. హీరోయిన్ జుట్టులోనూ వెనకున్న ఆకాశంలోనూ మసి అంటినట్టు మరకలు కదులుతున్నాయి. శుభ్రంగా ఉన్న బొమ్మ మీద లేని చుక్కల్ని ఎవరో చెరిపితే వచ్చిన మరకలు అవి. నూట పది ఫ్రేములు మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

మరునాడు పొద్దున్నే స్టూడియో మేనేజరు నన్ను పిలిచారు. "ఆయన కళ్ళు పోయాయమ్మా, మనకి తెలుస్తూనే ఉంది. తెర బాగోలేదంటున్నాడు. మీరోసారి చూసి, బాగానే ఉందని రాసిచ్చేయండి. మళ్ళీ మాట రాకుండా ఉంటుంది."

వెళ్ళి చూశాను. పొద్దున పదిన్నర. పెద్దాయన కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు. చీకటి ఫ్రేము ఒకటి తెరిచి, తెరంతా వెతికాను. చుక్క లేదు. స్క్రీన్‌షాట్ తీసి, పెద్దగా చేసి కూడా చూశాను. శుభ్రంగా ఉంది.

"ఇప్పుడు కాదు బిడ్డా, మధ్యాహ్నం చూడాలె," అన్నారాయన.

మధ్యాహ్నానికి వయసైన కళ్ళు అలిసిపోతాయి కదా అనుకున్నాను. పైకి అనలేదు. స్క్రీన్‌షాట్ జతచేసి, తెరలో లోపం లేదని మేనేజరుకి మెయిల్ పంపాను. ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపారు. ఒక కంట్లో శుక్లం మొదలైందని చీటీ తెచ్చుకున్నారు. దాంతో ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. ఆ నెలాఖరుకి మానేశారు. వెళ్ళే రోజు నేను సర్వర్ గదిలో ఉన్నాను. నాకోసం వెతికారట. నాకు సాయంత్రం తెలిసింది.

ఆ మూల గది కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. మధ్యాహ్నాలు డబ్బా తీసుకుని అక్కడికే వెళ్ళి తినేదాన్ని. డాబా మీదకి ఒక్కదాన్నే వెళ్ళబుద్ధి కాలేదు. ఒకరోజు ఆయన కంప్యూటర్‌లోనే మెయిళ్ళు చూసుకుని, అదే రాత్రి సీను ఊరికే తెరిచి, కింద హోటల్లో పెరుగు తేవడానికి వెళ్ళాను. వాన పట్టుకుంది. ముప్పావుగంట అక్కడే చూరు కింద నిలబడిపోయాను. తిరిగి వచ్చేసరికి తెర నల్లగా అయి నిద్రపోయి ఉంది. మౌస్ కదిపాను. బొమ్మ వచ్చింది. హీరోయిన్ జుట్టు నిండా సన్నటి ఆకుపచ్చ చుక్కలు.

చేతిలో పెరుగు ప్యాకెట్ అలాగే ఉంది. కూర్చున్నాను. స్క్రీన్‌షాట్ తీసి ఇంకో కంప్యూటర్‌లో చూశాను. అందులో ఒక్క చుక్క లేదు. అప్పుడు అర్థమైంది. స్క్రీన్‌షాట్ తీసేది కంప్యూటర్ లోపలున్న బొమ్మకి. ఆ బొమ్మ గ్రాఫిక్స్ కార్డు దాటి తెర మీదకి వచ్చే ఆఖరి మెట్టులో రంగు చెడిపోతోంది. లోపల ఎప్పుడూ బాగానే ఉంటుంది. మనిషి కంటికి మాత్రమే తేడా కనపడుతుంది. నేను ఆ మనిషి కంటిని నమ్మకుండా స్క్రీన్‌షాట్‌ని నమ్మాను.

తరవాత మూడు రోజులు మధ్యాహ్నాలు ఆ గదిలోనే గడిపాను. ఆయన బల్ల మీదున్న రెండో మానిటర్ తగిలించి ఉన్నప్పుడు, తెర నిద్రపోయి లేస్తే, చుక్కలు వచ్చేవి. రెండో మానిటర్ పీకేస్తే వచ్చేవి కావు. రాత్రి ఆపేసి పొద్దున కొత్తగా ఆన్ చేసినప్పుడూ వచ్చేవి కావు. నేను వేసిన అప్‌డేట్ తీసి పాతది పెడితే అసలే రావు. మిగతా కంప్యూటర్లలో కొత్తరకం కార్డులున్నాయి, వాటికి ఈ తెగులు లేదు. పాత కార్డు ఉన్నది ఆయన ఒక్కరికే. తెర నిద్రపోయేంతసేపు లేచి వెళ్ళేదీ ఆయన ఒక్కరే. మిగతావాళ్ళంతా కీబోర్డు ముందే తినేవారు.

ఆ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాస్తారు. లోపం కనపడితే ఎవరైనా వాళ్ళ వెబ్‌సైట్‌లో రాయవచ్చు. నేను రాసిన మొదటి రిపోర్టు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్‌డేట్ తరవాత తెర పాడైంది, దయచేసి వెంటనే బాగుచేయండి, అంతే. మర్నాటికి జవాబు వచ్చింది. ఏ కార్డు? ఏ వెర్షన్? మీరు వరసగా ఏమేం చేశారు? ఏం కనపడాలి, ఏం కనపడింది? కోపం లేదు, మర్యాదా ఎక్కువ లేదు. కానీ ఆ ప్రశ్నలు నాలుగైదుసార్లు చదువుకున్నాను. ఆ ఊరొచ్చాక నేను ఏం చేశానో, ఏం చూశానో అంత వివరంగా అడిగినవాళ్ళు లేరు.

రెండు పేజీలు రాశాను. స్క్రీన్‌షాట్‌లో పడదు కాబట్టి స్టూడియో కెమెరా అడిగి తీసుకుని, గది కిటికీకి దుప్పటి కట్టి, తెరని ఫోటో తీసి పంపాను. అవతలి మనిషి ఇంకా అడిగేవాడు, నేను చేసి చెప్పేదాన్ని. ఆ మనిషి ఏ దేశంలో ఉంటాడో తెలియదు. అక్కడ మంచు పడుతోందని ఒకసారి రాశాడు. ఐదారు వారాలు పొద్దున ఆఫీసుకి రాగానే ముందు ఆ పేజీ తెరవడం అలవాటైపోయింది. ఒకరోజు ఇలా అడిగాడు: ఈ చుక్కలు చాలా ముదురు రంగుల్లోనే వస్తున్నాయి, మామూలుగా ఎవరూ గమనించరు, మీకు ఎలా కనపడ్డాయి?

నాకు కనపడలేదు, మా దగ్గర పనిచేసిన ఒక పెయింటరుకి కనపడ్డాయి అని రాశాను. ఆయనవి మంచి కళ్ళు అని జవాబు వచ్చింది.

చివరికి తప్పు దొరికింది. తెర నిద్ర లేచినప్పుడు రంగుల పట్టికని కార్డులోకి మళ్ళీ ఎక్కించే చోట ఒక గడి తప్పుతోంది. సరిచేసిన ఫైలు పంపాడు. ఎక్కించి, మధ్యాహ్నమంతా తెరని నిద్రపుచ్చుతూ లేపుతూ చూశాను. ఒక్క చుక్క రాలేదు. అదే రాశాను. థాంక్స్ చెప్పి రిపోర్టు మూసేశాడు. ఆ తరవాత కూడా కొన్నాళ్ళు పొద్దున్నే ఆ పేజీ తెరిచేదాన్ని. చెప్పడానికి ఏమీ లేదు, అవతల అడగడానికీ ఏమీ లేదు.

మేనేజరుకి చెప్పాను. అంతా విని, "మంచిదమ్మా. కానీ శుక్లం అయితే నిజమే కదా," అన్నారు. అప్పటికి ఆ కుర్చీలో వేరే ఆర్టిస్టు చేరిపోయాడు.

ఒక ఆదివారం బోరబండ వెళ్ళాను. కొండవాలులో ఇల్లు. ఆయన నల్లద్దాలు పెట్టుకుని గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. నాలుగు రోజుల క్రితమే ఆపరేషన్ అయిందట. గొంతు విని గుర్తుపట్టారు. వాళ్ళావిడ చాయ్ ఇచ్చి పక్కనే నిలబడ్డారు. నేను మొదటి నుంచి చెప్పుకొచ్చాను.

"అంటే చుక్కలు ఉండె," అన్నారాయన.

"ఉన్నాయి బాబాయ్ గారూ."

చాయ్ చల్లారిపోయింది.

"మధ్యాహ్నం రమ్మంటి గదా. ఎందుకు రాలె?"

అబద్ధం చెప్పడానికి ఒకటి రెండు మాటలు తట్టాయి. చెప్పలేకపోయాను. "మీ కళ్ళే అనుకున్నానండీ."

ఆయన తలూపారు. "అందరు అట్లనే అనుకున్నరు. డాక్టర్ చీటీ ఇచ్చినంక నేను గూడ అట్లనే అనుకున్న. రోజు పొద్దుగాల లేవంగనే గోడ మీద చుక్కల కోసం చూస్తుంటి. ఒక్కటి గూడ కనపడకపోతుండె. అయినా నమ్మకం లేకపాయె."

బ్యాగులోంచి ఆ జవాబు ప్రింటు తీసి, అవతలి మనిషి ఆయన కళ్ళ గురించి రాసింది తెలుగులో చెప్పాను. ఆయన మళ్ళీ చెప్పమన్నారు. భార్య వైపు తిరిగి, "ఇన్నవా?" అన్నారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మళ్ళీ స్టూడియోకి వస్తారా అని అడిగాను. రానన్నారు. ఆ మాట అనడంలో కోపం లేదు. "చుక్కలు ఉన్నా, మంచి బొమ్మ ఖరాబ్ చేసిన చెయ్యి నాదే గదా. రేపు తెర మీద ఏం కనపడ్డా నాకు అనుమానమే వస్తది."

వద్దన్నా వినకుండా లోకల్ రైలు స్టేషన్ దాకా నాతో దిగి వచ్చారు. దారిలో ఒక చోట మెట్లు విరిగి ఉంటే, నా చెయ్యి ఆయనే పట్టుకుని దింపారు. ప్లాట్‌ఫాం మీద ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. గది కిరాయి ఎంత, వంట ఎవరు చేస్తారు, చలికాలం వస్తోంది దుప్పటి ఉందా అని అడిగారు. అన్నింటికీ ఉందనీ బాగుందనీ చెప్పాను. "జర మనుషులల్ల తిరుగు బిడ్డా," అన్నారు. మళ్ళీ వస్తానన్నాను. ఆ చలికాలంలోనే నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, రెండో ఏడాదిలో బెంగళూరు పంపారు. మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళనేలేదు.

రైలు వచ్చింది. ఆదివారం కాబట్టి పెట్టె సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపాను. ఆయన నల్లద్దాలతో, నా వెనక కిటికీలో ఉన్న ఎవరో ఆడమనిషిని నేననుకుని అటే చూస్తూ, బండి కదిలిపోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నారు.