పిల్లకేం చెప్పినవ్?

మిర్యాలగూడ బజారులో ఎక్కడైనా జొన్న పేలాలు వేగుతున్న వాసన వస్తే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. కొనడానికి కాదు, ఉన్న నాలుగు పళ్లతో పేలాలేం నములుతాను! ఆ వాసనలో మా సాయమ్మ పెద్దమ్మ ఉంది. చిన్నప్పుడు సూర్యాపేటలో మా పక్కింటావిడ, పేలాలు వేయించి అమ్మేది. పొయ్యి ముందు కూర్చుని, తన పిల్లల్ని దగ్గరికి లాక్కుని, "నువ్వంటే నాకు పానం బిడ్డా" అని వీధంతా వినబడేలా అనేది.

మా ఇంట్లో అలాంటి మాటలు మహా తప్పు. కన్నతండ్రి ఎదుట మగవాడు తన పిల్లను ఎత్తుకోవడం మర్యాద కాదని అప్పటి కట్టుబాటు. తాత అరుగు దిగేవాడే కాదు, కాబట్టి నాయన నన్నెప్పుడూ ఎత్తుకోలేదు. నేనంటే ఆయనకు ఇష్టం లేదని ఏడేళ్లకే తేల్చేసుకున్నాను. సొంత పిల్లల్ని అట్లా ముద్దు చేస్తే దిష్టి తగులుతుందని మా నాయనమ్మ మందలిస్తే, పెద్దమ్మ గరిటె ఆపకుండానే అంది.

"దిష్టి తగిలితె ఉప్పు తిప్పి పడేస్తం అత్తా. మన మనసుల మాట పిల్లకు తెల్వకపోతె దేంతోటి తిప్పుతం?"

నిజాం పాలన చివరి రోజులు. ఊళ్ల మీద దాడులు జరుగుతున్నాయని ఆడవాళ్లనూ పిల్లలనూ కోదాడలోని బంధువుల ఇంటికి పంపుతున్నారు. అమ్మ, నేను, సాయమ్మ పెద్దమ్మ, ఆమె పిల్లలు ఒకే బండి ఎక్కాం. నాయన, తాత ఇంటి దగ్గరే ఉండిపోతున్నారు. నాయన కాడి సరిచూశాడు, ఎడ్లకు నీళ్లెక్కడ పెట్టాలో బండివాడికి చెప్పాడు. నావైపు చూడలేదు. నన్ను వదిలించుకుంటున్నాడనే అనుకున్నాను.

"ఆగు మరిదీ," అంది పెద్దమ్మ. "ఎడ్ల సంగతి చెప్పినవ్, బండోనికి చెప్పినవ్. పిల్లకేం చెప్పినవ్?"

నాయన తల తిప్పి అరుగు మీది తాతను చూశాడు. తాత మెల్లగా గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నాయన నన్ను బండిలోంచి ఎత్తుకున్నాడు. ఆయన గడ్డం గుచ్చుకుంది.

"నువ్వంటే నాకు పానం బిడ్డా. భయపడకు, నేనే వచ్చి తోల్కపోత."

గొడవలు సద్దుమణిగాక అన్నట్టే వచ్చాడు. ఆ తర్వాత నాయన పొలం నుంచి వస్తే చాలు, మా తాతకు గోడవైపు ఏదో పని తగిలేది. ఆ కాస్త సేపు నేను నాయన చంకలో ఉండేదాన్ని.

ఇప్పుడా కట్టుబాటు లేదు, కానీ మగాళ్ల నోళ్లు మాత్రం అట్లానే ఉన్నాయి. మొన్న నా కొడుకు తన కూతుర్ని హాస్టల్‌కు పంపుతూ ఫీజు, పెట్టె, బస్సు అన్నీ మాట్లాడాడు. పిల్ల తల దించుకుని నిలబడింది. నేను గోడవైపు తిరగలేదు.

"అన్నీ చెప్పినవ్ గని కొడుకా," అన్నాను, "పిల్లకేం చెప్పినవ్?"